సంగీత బడి, హాస్టల్ చదువు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

చదువూ సంగీతమూ ఒకే ప్రాంగణంలో నేర్పే హాస్టల్ బడుల గురించి ఈ మధ్య చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువ భాగం బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్లవి, కొన్ని ఇక్కడి నుంచి పిల్లల్ని పంపాలనుకుంటున్నవాళ్లవి. అక్కడ పేరున్న బడులు ఐదు. మాంచెస్టర్‌లో చెతమ్స్, లండన్ శివారు బుషీలో పర్సెల్, సర్రీలో యెహుదీ మెనూహిన్ స్కూల్, సోమర్సెట్‌లో వెల్స్ కెథీడ్రల్ స్కూల్, ఎడిన్‌బరోలో సెయింట్ మేరీస్. ఐదూ ఒకలాంటివి కావు. 1653లో హంఫ్రీ చెతమ్ వీలునామాతో పుట్టిన పేద పిల్లల బడే 1969లో చెతమ్స్ సంగీత బడిగా మారింది. ఇప్పుడు అందులో మూడొందల మంది దాకా చదువుతారు. 1963లో పెట్టిన మెనూహిన్ స్కూల్లో వందమంది కూడా ఉండరు. వెల్స్‌లో సంగీతం విద్యార్థులతో పాటు మామూలు విద్యార్థులూ ఉంటారు. వచ్చిన ప్రశ్నల్లో నలుగురికీ పనికొచ్చేవి ఏరి ఇక్కడ ఇస్తున్నాం.

ప్రశ్న: మా పాపకు ఎనిమిదేళ్లు. పియానోలో ఉండే ఎనిమిది గ్రేడ్ పరీక్షల్లో నాలుగోది (గ్రేడ్ 4) అయింది. గ్రేడ్ 8 పూర్తయ్యాకే చెతమ్స్‌కి దరఖాస్తు పెడదామంటారు మావారు. ఆలస్యమైతే సీటు రాదేమోనని నా భయం. ఆడిషన్‌లో ఏం చూస్తారు?
– ఒక తల్లి, స్టాక్‌పోర్ట్

జవాబు: గ్రేడ్ 8 కోసం ఆగక్కర్లేదు. ఈ బడులు సర్టిఫికెట్ చూసి సీటివ్వవు. పిల్ల ఇప్పుడు ఎంత వాయిస్తోంది అన్నదానికంటే, మంచి గురువు చేతిలో పడితే ఎంత దూరం వెళ్తుంది అన్నదే వాళ్లకు ముఖ్యం. గ్రేడ్ 4 ముక్కను నిదానంగా, ప్రతి వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో తెలిసి వాయించిన పిల్లకు పిలుపు వస్తుంది. గ్రేడ్ 8 ముక్కను తడబడుతూ చివరిదాకా లాక్కొచ్చిన పిల్లకు రాదు.

సాధారణంగా రెండు విడతలుంటాయి. మొదటిది అరగంటలోపే. ఒకదానికొకటి పోలిక లేని రెండు ముక్కలు, కొంచెం సైట్ రీడింగ్ (ముందు చూడని స్వరలిపిని అప్పటికప్పుడు చదివి వాయించడం), చెవి పరీక్ష, ఐదు నిమిషాల కబుర్లు. రెండో విడతకు పిలిస్తే రోజంతా ఉండాలి. కొన్ని బడుల్లో పిల్లలు ఒకటి రెండు రాత్రులు హాస్టల్లో పడుకోవాలి కూడా. అప్పుడు టీచర్ పక్కన కూర్చుని నిజం పాఠమే చెబుతారు. అసలు పరీక్ష అదే. “ఈ వరస మెల్లగా వాయించు, ఇప్పుడు ఎడమచెయ్యి మాత్రమే పైకి వినిపించు” అంటారు. ముక్కను ఒకే పద్ధతిలో వందసార్లు వాయించి బట్టీ పట్టిన పిల్లలు ఇక్కడే కంగారు పడతారు, వేళ్లు పాత దారిలోనే పోతాయి. అందుకని ఇంట్లో రోజూ ఏదో ఒక నాలుగు బార్లు (స్వరలిపిలో నిలువు గీతల మధ్య భాగాలు) తీసుకుని మూడు రకాలుగా వాయించమనండి: గట్టిగా, మెత్తగా, సగం వేగంతో.

చెవి పరీక్షలో మన పిల్లలు తడబడే చోటు ఒకటుంది. పాడింది తిరిగి పాడటం, తట్టిన లయ తిరిగి తట్టడం బాగానే చేస్తారు. రెండు స్వరాలు ఒకేసారి మోగించి కిందిది పాడమంటే మాత్రం ఎక్కువమంది పైదే పాడతారు. రాగం ఒక్కటే వినే ఇళ్లలో పెరిగితే చెవి పైకే పోతుంది. పియానో దగ్గర రోజుకు పది నిమిషాలు, దూరం ఎక్కువున్న రెండు స్వరాలతో మొదలుపెట్టి దగ్గరికి తెస్తూ రెండు నెలలు చేయిస్తే ఇది దారికొస్తుంది.

తల్లిదండ్రుల వల్ల జరిగే నష్టాలు కూడా చెప్పాలి. పిల్లను అడిగిన ప్రశ్నకు అమ్మ జవాబు చెప్పడం మొదటిది. ఆడిషన్‌కు మూడు వారాల ముందు “ఇంకొంచెం పెద్దది” అని ముక్క మార్చడం రెండోది. అక్కడి పియానో ఇంటి పియానోలా ఉండదు. కీబోర్డు మీదే నేర్చుకున్న పిల్ల అయితే ముందుగా కనీసం నాలుగైదుసార్లు నిజం పియానో మీద కూర్చోబెట్టండి. కీలు బరువుగా తగిలేసరికి మెత్తటి స్వరాలు అసలు మోగకుండా పోతాయి.

ఇక వయసు మాట. పియానో, వయొలిన్, చెల్లో పిల్లలు చిన్నప్పుడే చేరడానికి కారణం ఉంది, ఆ వాద్యాల్లో చేతి అలవాట్లు త్వరగా గట్టిపడతాయి. ఊదే వాద్యాలు, గాత్రం వాళ్లు పదకొండుకో పదహారుకో చేరినా ఆలస్యమేమీ కాదు. మీ విషయంలో మా అభిప్రాయం: మీరున్నది స్టాక్‌పోర్ట్. మాంచెస్టర్‌లోని రాయల్ నార్తర్న్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో శనివారాలు పిల్లల విభాగం నడుస్తుంది. పిల్ల ఇంట్లోనే ఉండి, మామూలు బడికి వెళ్తూ, శనివారం పాఠం, థియరీ, బృందవాద్యం నేర్చుకోవచ్చు. ముందు అందులో ప్రయత్నించండి, లేదా చెతమ్స్‌లోనే డే స్కాలర్‌గా చేర్చండి. గంట దూరంలో మంచి గురువు ఉండి, ఇంట్లో రోజూ గంట సాధన సాగుతుంటే ఎనిమిదేళ్ల పిల్లను హాస్టల్లో పెట్టాల్సిన అవసరం మాకు కనిపించదు.

ప్రశ్న: మా అబ్బాయి పదేళ్లవాడు. ఐదేళ్లుగా కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటున్నాడు, ఆది తాళ వర్ణాలు రెండు కాలాల్లో వాయిస్తాడు. ఏడాది క్రితం వెస్టర్న్ మొదలుపెట్టాం. మెనూహిన్ స్కూల్‌కి ప్రయత్నించవచ్చా? కర్ణాటక నేర్చిన సంగతి దాచమని ఒకరు సలహా ఇచ్చారు.
– ఒక తండ్రి, హారో

జవాబు: ఆ సలహా వినకండి. ఐదేళ్లు చెవితో విని, చేత్తో పలికించిన పిల్లాడికి జ్ఞాపకశక్తి, శ్రుతి జ్ఞానం, తాళం ఉంటాయి. ఆడిషన్ చేసే పానెల్ వెతికేది వాటినే. పైగా ఆ బడి పెట్టిన వయొలిన్ విద్వాంసుడు మెనూహిన్‌కు మన వయొలిన్ కొత్త కాదు. 1952లో మద్రాసు వచ్చినప్పుడు ఆయన విజయనగరం సంగీత కళాశాలలో పనిచేసిన ద్వారం వెంకటస్వామినాయుడు గారి వాద్యం విన్నారు. కబుర్ల సమయంలో మీవాడు మూడు నిమిషాల వర్ణం వాయిస్తానంటే కాదనరు.

అయితే సీటు మాత్రం వెస్టర్న్ వాయింపుతోనే రావాలి. అక్కడ కర్ణాటక సంగీతం ప్రధాన విషయంగా ఉండదు. ఇప్పుడు మీవాడి చేతులు రెండు భాషలు మాట్లాడుతున్నాయి. ఎక్కడ తగాదా పడతాయో చూద్దాం.

మొదటిది తీగలు. మన శ్రుతిలో స, ప, స, ప. మొదటి రెండు తీగల మధ్య దూరం పంచమం, మధ్య రెండింటికీ మధ్యమం, మళ్లీ పంచమం. వెస్టర్న్‌లో జి, డి, ఎ, ఇ. అన్నీ పంచమాలే. అంటే మధ్య రెండు తీగలు దాటేటప్పుడు వేళ్ల లెక్క మారిపోతుంది. పిల్లలు సరిగ్గా అక్కడే అపశ్రుతి పలుకుతారు. గురువులు దీన్ని అశ్రద్ధ అనుకుంటారు, కాదు. దీనికి మందు రెండో వయొలిన్. ఒకే వయొలిన్‌ను పొద్దున దించి సాయంత్రం ఎక్కిస్తుంటే పైతీగ తెగుతుంది, బ్రిడ్జి మెల్లగా ముందుకు వంగుతుంది, శ్రుతి ఎప్పటికీ నిలవదు. పాత తీగల్నే ఎక్కించి సరిపెట్టకండి, వెస్టర్న్ వయొలిన్‌కు కొత్త సెట్టు వేయించండి.

రెండోది కూర్చునే తీరు. మనం నేలమీద కూర్చుని వయొలిన్ తలను కుడికాలి మడమ దగ్గర ఆనిస్తాం. బరువు కాలిమీద ఉంటుంది కాబట్టి ఎడమచెయ్యి తీగంతా జారగలదు. నిలబడి వాయించేటప్పుడు ఆ ఆసరా పోతుంది. అప్పుడు పిల్లలు వయొలిన్ పడిపోతుందేమోనని బొటనవేలితో మెడను నొక్కి పట్టుకుంటారు. అక్కడినుంచి అన్ని ఇబ్బందులూ మొదలు: నాలుగోవేలు అందదు, చెయ్యి తీగమీద పైకీ కిందికీ మారితే (పొజిషన్) కుదుపు, వైబ్రాటో (స్వరాన్ని వేలితో వణికించడం) బిగుసుకుపోవడం. గడ్డం కింది చిన్‌రెస్ట్, భుజం మీది షోల్డర్‌రెస్ట్ ఎత్తులు సరిచూడండి. ఎడమచెయ్యి వదిలేసినా వయొలిన్ పది సెకన్లు నిలబడాలి, తల మాత్రం వంగకూడదు.

మూడోది జారుడు. గమకం పట్టిన చెవి స్వరానికీ స్వరానికీ మధ్య ఖాళీని ఓర్చుకోలేదు, వేలు తనంతట తనే జారుతుంది. వెస్టర్న్ ముక్కలో ఇది పానెల్‌కు వెంటనే వినిపిస్తుంది. జారకుండా, వేలు ఎత్తి మరో వేలు దించుతూ స్కేల్స్ రోజుకు పదిహేను నిమిషాలు చేయించండి. అదే రోజు గమకం సాధన కూడా చేయాలంటే మధ్యలో కనీసం అరగంట విరామం, వేరే వయొలిన్, వేరే కూర్చునే చోటు ఉండాలి. కమాను విషయంలో కష్టం తక్కువ. పొడుగు కమాను అలవాటైన చేతికి చిన్నచిన్న విడి దెబ్బలు కొత్త, అంతే.

స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల వెస్టర్న్ స్వరలిపి) చదవడం వెనకబడి ఉంటే రోజుకు పదిహేను నిమిషాలు దానికే. ఇవన్నీ కుదరడానికి మరో ఏడాది పడుతుందని మా అంచనా. పదకొండో ఏట ఆడిషన్ పెట్టుకోండి. చేరాక కర్ణాటక సంగీతం సెలవుల్లోనే సాగుతుంది. లండన్ వెస్ట్ కెన్సింగ్టన్‌లోని భారతీయ విద్యాభవన్ మీకు దగ్గరే కాబట్టి గురువు కోసం వెతుక్కోనక్కర్లేదు.

ప్రశ్న: ఫీజు ఎంత? మాలాంటి ఇద్దరు జీతగాళ్లకు సాయం దొరుకుతుందా?
– భార్యాభర్తలు, లెస్టర్

జవాబు: హాస్టల్‌తో సహా పూర్తి ఫీజు ఏడాదికి నలభై వేల పౌండ్లు దాటుతుంది. 2025 జనవరి నుంచి ప్రైవేటు బడుల ఫీజు మీద 20 శాతం వ్యాట్ కూడా ఉంది. అయితే ఇంగ్లండ్‌లోని నాలుగు సంగీత బడులకూ ప్రభుత్వపు మ్యూజిక్ అండ్ డాన్స్ స్కీమ్ వర్తిస్తుంది. సీటు ప్రతిభను బట్టి, సాయం ఆదాయాన్ని బట్టి. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు ఏమీ కట్టరు, పెరిగేకొద్దీ మీ వాటా పెరుగుతుంది. ఎడిన్‌బరో బడికి స్కాట్లాండ్ ప్రభుత్వం విడిగా సాయం ఇస్తుంది.

ఇద్దరి ఆదాయమూ కలిపి చూస్తారు, లెక్క ఏటేటా మళ్లీ వేస్తారు. ఈ ఏడు బోనస్ వస్తే వచ్చే ఏడు వాటా పెరుగుతుంది, దానికి సిద్ధంగా ఉండండి. ఏడాది జీతం, పన్ను చూపే పీ60 పత్రాలు దాచుకోండి. నివాసానికి, వీసా స్థితికి సంబంధించిన షరతులున్నాయి కాబట్టి మీరు వర్క్ వీసాలో ఉంటే ఆడిషన్‌కు ముందే రిజిస్ట్రార్‌ను ఈమెయిల్‌లో అడిగి రాతపూర్వక జవాబు తీసుకోండి. సీటొచ్చాక తెలిస్తే ఏడ్చేది పిల్ల. వ్యాట్ మీ వాటా మీద ఎలా పడుతుందో కూడా అదే ఉత్తరంలో అడగండి.

స్కీమ్‌లోకి రాని ఖర్చులూ చాలానే ఉంటాయి: వాద్యం బీమా, తీగలు, కమాను వెంట్రుకలు మార్పించడం, కచేరీ బట్టలు, సెలవుల ప్రయాణాలు. వయొలిన్‌కు మంచి తీగల సెట్టు ఒక్కటే యాభై అరవై పౌండ్లు. రోజుకు మూడు గంటలు వాయించే పిల్లకు ఏడాదికి రెండు మూడు సెట్లు కావాలి. వాద్యం మాత్రం తొందరపడి కొనకండి. బడుల దగ్గర అరువిచ్చే వాద్యాలుంటాయి, పిల్ల పెరుగుతూ అరసైజు నుంచి ముప్పావుకు, అక్కడినుంచి పూర్తి సైజుకు మారాల్సిన వయసులో అదే నయం.

ప్రశ్న: రోజుకు ఆరు గంటలు సాధన చేయిస్తారని విన్నాం. నిజమేనా? దినచర్య ఎలా ఉంటుంది?
– ఒక తండ్రి, రెడింగ్

జవాబు: ఆరు గంటలు ఎవరూ చేయించరు. బడి ఉన్న రోజు అంత టైమే ఉండదు. ఎనిమిది, తొమ్మిదేళ్లవాళ్లకు గంట నుంచి గంటన్నర. పదకొండు నుంచి పదమూడు దాకా రెండు గంటలు. పెద్ద పిల్లలు మూడు, కొందరు నాలుగు. అదీ ముక్కలు ముక్కలుగా. ఉదయం క్లాసుల ముందు ఒక అరగంటో ముప్పావుగంటో, మధ్యాహ్నం టైమ్‌టేబుల్లో ఖాళీ వచ్చినప్పుడు ఒకటి, రాత్రి భోజనం తర్వాత హోంవర్కుతో పాటు మరొకటి. చిన్నవాళ్ల గదుల్లోకి పర్యవేక్షకులు తిరుగుతూ చూస్తుంటారు. శనివారం పొద్దున కూడా బడి ఉండటం మామూలే.

సాధన కాకుండా వారానికి గంటా గంటన్నర ప్రధాన వాద్యం పాఠం, రెండో వాద్యానికి అరగంట, పియానో సహకారంతో రిహార్సల్, ఛాంబర్ బృందం (కొద్దిమంది కలిసి వాయించేది), ఆర్కెస్ట్రా, గాయక బృందం, థియరీ. వీటి మధ్యలో లెక్కలు, సైన్సు, చరిత్ర మామూలే. ఈ పిల్లలు అలసిపోయేది ఎక్కువగా రిహార్సళ్లతో. ఆర్కెస్ట్రా కచేరీ ఉన్న వారం సొంత సాధన సగానికి పడిపోతుంది, మీరు ఫోన్లో “ఇవాళ ఎంతసేపు వాయించావు” అని అడిగితే అబద్ధం చెప్పడం నేర్చుకుంటారు. ఏం వాయించావు అని అడగండి చాలు.

బడి చూడటానికి వెళ్లినప్పుడు కచేరీ హాలు కాదు, సాధన గదులు చూపించమనండి. ఎన్ని గదులు, రాత్రి భోజనం తర్వాత ఖాళీ దొరుకుతుందా, పక్క గదిలోని ట్రంపెట్ ఇటు వినిపిస్తోందా. గదుల కోసం క్యూ కట్టే బడిలో టైమ్‌టేబుల్ కాగితం మీదే ఉంటుంది.

ప్రశ్న: పద్నాలుగేళ్ల మా అమ్మాయి చెల్లో వాయిస్తుంది. వేసవి సెలవుల తర్వాత బడికి వెళ్లిన రెండో వారానికే ఎడమ ముంజేయి నొప్పి. నొప్పి మాత్ర వేసుకుని వాయిస్తోంది. నెలలో పోటీ ఉంది. ఏం చేయాలి?
– ఒక తల్లి, మిల్టన్ కీన్స్

జవాబు: మాత్ర వేసుకుని వాయించడం ఇవాళే మానిపించండి. మాత్ర నొప్పిని కప్పుతుంది, స్నాయువు మీద ఒత్తిడి అలాగే పడుతుంది. బడి నర్సుకు, చెల్లో టీచర్‌కు ఒకే రోజు తెలియజేయండి. టీచర్‌కు చెబితే పోటీలోంచి తీసేస్తారని పిల్లలు దాస్తారు, నెల రోజుల సమస్య ఆరు నెలలది అయ్యేది అందుకే.

కారణం మీ ఉత్తరంలోనే ఉంది. సెలవుల్లో చెయ్యి విశ్రాంతిలో ఉంది, బడి తెరవగానే మూడు గంటలు. ఇలాంటి నొప్పులు ఎక్కువగా టర్ము మొదట్లోనే వస్తాయి. వాద్యం సైజు మారిందా, కొత్త తీగలు బిగువైనవి వేశారా, ముక్క కొత్తదా అనేది కూడా చూడండి. కుర్చీ సంగతి ఎవరూ పట్టించుకోరు. చెల్లోకు మోకాళ్లు తుంటికంటే కొంచెం కిందుండాలి. హాస్టల్ గదిలోని మెత్తటి కుర్చీలో కూర్చుంటే నడుము కుంగి భుజం పైకి లేస్తుంది, ఎడమచెయ్యి మెడ కోసం పైకి తడుముకుంటుంది.

నొప్పి వాయించనప్పుడు కూడా ఉంటే కొన్ని రోజులు పూర్తిగా ఆపాలి. తర్వాత రోజుకు రెండుసార్లు ఐదేసి నిమిషాలు, తేలికైన పొడుగు స్వరాలు మాత్రమే. మర్నాడు పొద్దున నొప్పి లేకపోతేనే మరో ఐదు నిమిషాలు పెంచాలి. పాతిక నిమిషాలకోసారి ఆపడం ఇక శాశ్వతంగా అలవాటు కావాలి. ఈలోపు స్కోరు (ముక్క స్వరలిపి) ముందు పెట్టుకుని వేళ్లు కదపకుండా మనసులో వాయించడం, రికార్డింగు వింటూ కమాను గుర్తులు రాసుకోవడం చేయొచ్చు. ఫోన్లో గంటలకొద్దీ టైపు చేయడం విశ్రాంతి కాదు, ఆ చేతికి అదీ పనే.

వేళ్లలో తిమ్మిరి, రాత్రి నిద్రలో మంట, పట్టు జారడం ఉంటే ఆగకుండా డాక్టర్‌కు చూపించండి. బ్రిటన్‌లో కళాకారుల వైద్యం కోసమే బాపామ్ అనే సంస్థ ఉంది, బడి నర్సును అడిగితే దారి చూపుతారు. పోటీ ఈసారికి వదిలేయండి.

ఈ సందర్భంలో చెవుల సంగతి కూడా. చిన్న సాధన గదిలో ఇత్తడి వాద్యాలు, డ్రమ్స్ 85 డెసిబెళ్లు సులువుగా దాటుతాయి. అక్కడి పని ప్రదేశాల చట్టం చెవిరక్షణ తప్పనిసరి అనే హద్దు అదే. పిల్ల ఆర్కెస్ట్రాలో ట్రంపెట్ల ముందు కూర్చుంటే సంగీతకారుల ఫిల్టర్ ఇయర్‌ప్లగ్స్ కొనండి. దూది పనికిరాదు.

ప్రశ్న: ఆడపిల్లను ఒంటరిగా టీచర్‌తో గదిలో ఉంచే బడి. భద్రత ఎలా తెలుసుకోవాలి?
– పేరు వద్దన్న పాఠకురాలు, బర్మింగ్‌హామ్

జవాబు: మీ భయానికి ఆధారం ఉంది. పిల్లలపై లైంగిక హింస మీద బ్రిటన్‌లో జరిగిన స్వతంత్ర విచారణ 2022లో హాస్టల్ బడుల నివేదిక ఇచ్చింది, అందులో సంగీత బడులను ప్రత్యేకంగా పరిశీలించింది. ఒక్క గురువు చేతిలో పిల్ల భవిష్యత్తంతా ఉన్నట్టు అనిపించడం, పాఠం ఒంటరిగా జరగడం, పేరున్న టీచర్‌ను ప్రశ్నించడానికి అందరూ జంకడం, ఇవన్నీ కలిసిన చోట ప్రమాదం ఎక్కువ. మగపిల్లలకూ ఇది వర్తిస్తుంది.

వెళ్లినప్పుడు చూడాల్సినవి: ప్రతి పాఠం గది తలుపుకూ అద్దం ఉందా, దానిమీద పోస్టర్ అంటించి లేదు కదా. వయొలిన్ పట్టు సరిచేయడానికి పిల్లను తాకాల్సి వస్తే ముందు అడగాలన్న నియమం రాసి ఉందా. టీచర్ తన సొంత ఫోన్ నుంచి పిల్లకు మెసేజ్ పెట్టొచ్చా. టీచర్ ఇంట్లో అదనపు పాఠాలు ఉంటాయా. గురువును మార్చమని అడిగితే ఎవరిని అడగాలి, పోయినేడు అలా ఎవరైనా మారారా. ఈ చివరి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పే బడిని నమ్మొచ్చు. హాస్టల్ బడుల తనిఖీ నివేదికలు అందరికీ అందుబాటులో ఉంటాయి, చదవండి. బడి సిబ్బందికి సంబంధం లేని ఒక స్వతంత్ర వ్యక్తి పేరు, నంబరు పిల్లలకు ఇచ్చి ఉండాలన్నది అక్కడి నియమం. చైల్డ్‌లైన్ నంబరు 0800 1111 పిల్లకు నోటికి వచ్చి ఉండాలి.

ఒకటి మీ చేతిలోనిది. “ఆ సార్ దొరకడం మన అదృష్టం” అని ఇంట్లో పదేపదే అనకండి. ఏదైనా జరిగితే నోరు విప్పకుండా చేసేది ఆ మాటే.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి నేరుగా పంపవచ్చా? వయొలిన్ విమానంలో పాడవుతుందా?
– ఒక తండ్రి, సికింద్రాబాద్

జవాబు: పంపవచ్చు. 4 నుంచి 17 ఏళ్ల వారికి చైల్డ్ స్టూడెంట్ వీసా ఉంది. బడి నుంచి సీటు నిర్ధారణ పత్రం, తల్లిదండ్రుల అంగీకార పత్రం, ఒక విద్యా సంవత్సరపు ఫీజు, హాస్టల్ ఖర్చు బ్యాంకులో 28 రోజులు కదలకుండా ఉన్నట్టు రుజువు, క్షయ పరీక్ష సర్టిఫికెట్, ఏడాదికి 776 పౌండ్ల ఆరోగ్య రుసుము. కోర్సుకు ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు. ప్రభుత్వ ఫీజు సాయం మీద ఆశ పెట్టుకోకండి, బడి సొంతంగా ఇచ్చే ఫీజు సాయం (బర్సరీ) అడగండి.

బ్రిటన్‌లో గార్డియన్ ఉండాలి. ప్రతి టర్ము మధ్యలో వారం రోజుల సెలవు వస్తుంది, అప్పుడు చాలా హాస్టళ్లు మూసేస్తారు. జ్వరం వచ్చినా పిల్లను తీసుకెళ్లేది గార్డియనే. బంధువులుంటే మంచిదే కానీ వాళ్లు బడికి రెండు గంటల దూరం లోపే ఉండాలి, నిజంగా రాగలగాలి. లేకపోతే గార్డియన్ సంస్థలకు గుర్తింపు ఇచ్చే ఏజిస్ ఆమోదం ఉన్న సంస్థను పెట్టుకోండి.

వయొలిన్‌ను లగేజీలో వేయకండి, క్యాబిన్‌లో చేత్తో తీసుకెళ్లాలి. కమాను వదులు చేయండి. తీగలు కొద్దిగా దించితే చాలు. నాలుగూ పూర్తిగా వదిలేస్తే లోపల నిలబడి ఉండే చిన్న కర్ర (సౌండ్‌పోస్ట్) పడిపోతుంది, దాన్ని తిరిగి నిలబెట్టడం వయొలిన్లు చేసే, బాగుచేసే మేకర్ పని. అసలు దెబ్బ విమానంలో కాదు, నవంబర్‌లో పడుతుంది. హీటర్లు వేసిన గదిలో గాలి ఎండిపోయి కర్ర కుంచించుకుంటుంది. బిరడాలు జారతాయి, అంచు జాయింట్లు ఊడతాయి. అంచు ఊడితే కంగారు పడకండి. కర్ర పగలకుండా జాయింటే ముందు విడిపోవాలని ఆ జిగురు బలహీనంగానే వేస్తారు. కానీ ఫెవికాల్, సూపర్‌గ్లూ ముట్టుకోకూడదు, మేకర్ దగ్గరికే వెళ్లాలి. గదిలో తేమ 40 నుంచి 60 శాతం ఉండాలి. పెట్టెలో చిన్న తేమమీటరు, వయొలిన్ లోపల పెట్టే తేమగొట్టం ఉంచండి. పెట్టెను హీటరు పక్కన పెట్టొద్దని పిల్లాడికి ముందే చెప్పండి.

ప్రశ్న: తర్వాత సంగీతం వద్దనుకుంటే మెడిసిన్ చదవొచ్చా?
– ఒక తల్లి, కార్డిఫ్

జవాబు: చదవొచ్చు. పదహారేళ్లకు ఏడెనిమిది జీసీఎస్‌ఈ పరీక్షలు, పద్దెనిమిదేళ్లకు మూడు ఏ-లెవెల్స్ ఈ బడుల్లోనూ రాస్తారు. చిన్న బడుల్లో కెమిస్ట్రీ, బయాలజీ, మ్యూజిక్ మూడూ ఒకే విద్యార్థికి టైమ్‌టేబుల్లో కుదురుతాయా అన్నదే ప్రశ్న, పదిహేనో ఏట అడిగి తెలుసుకోండి. చివరి ఏడాది మాత్రం గట్టిది. వేసవిలో మెడిసిన్ ప్రవేశ పరీక్ష యూక్యాట్, అక్టోబర్ మొదట్లో కన్సర్వేటరీల (సంగీత కళాశాలల) దరఖాస్తు, అదే నెల 15కు మెడిసిన్ దరఖాస్తు, నవంబర్, డిసెంబర్‌లలో ఆడిషన్లు. రెండు పడవల ప్రయాణం ఆ చివరి ఏడాదికి ముందే తేల్చుకుంటే మేలు.

ప్రశ్న: మనవరాలికి అన్నం, పచ్చడి లేనిదే ముద్ద దిగదు. ఏం పంపను?
– ఒక అమ్మమ్మ, తెనాలి

జవాబు: అమ్మా, ఆవకాయ, గోంగూర, కందిపొడి, కారప్పొడి పంపండి. నూనె కారకుండా గట్టిగా మూత బిగించి, మీద మరో కవర్ చుట్టండి. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు మాత్రం వద్దు, పాలు, మాంసంతో చేసినవి మన దేశం నుంచి బ్రిటన్‌లోకి తేవడం నిషేధం. పచ్చి కరివేపాకు కూడా విమానాశ్రయంలో తీసేసుకుంటారు, ఎండబెట్టి పొడిలో కలిపేయండి. హాస్టల్ గదిలో రైస్ కుక్కర్ పెట్టుకోనివ్వరు, అగ్నిప్రమాదం భయం. శాకాహారం అన్ని బడుల్లోనూ ఉంటుంది కానీ ఎక్కువగా పాస్తా, బంగాళాదుంపలు, చీజ్. చేరేటప్పుడు ఇచ్చే ఆహారం ఫారంలో “శాకాహారి” అని ఒక్కమాట రాసి ఊరుకోకుండా గుడ్డు తింటుందా, చేప తింటుందా, జెలటిన్ పడదా అన్నీ రాయమని మీ అమ్మాయికి చెప్పండి. వేరుశనగ, నువ్వులు ఉన్న పొడుల మీద ఇంగ్లీషులో ఆ మాట రాసిన చీటీ అంటించాలి. పక్క మంచం పిల్లకు వేరుశనగ పడకపోతే ప్రాణాపాయం.